వియ్యాలవారి ఆట

మా అత్తగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను స్కూల్లో, కంప్యూటర్ గదిలో, ఏడో తరగతి పిల్లల మధ్య ఉన్నాను. ఆ రోజు సాయంత్రమే ఆవిడని ఏలూరు ఆసుపత్రి నుంచి తాడేపల్లిగూడెం ఇంటికి తీసుకురావాలి. "రోజూ సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందా? నువ్వు స్కూలుకెళ్ళు. సాయంత్రం నేనే వస్తాగా" అని పొద్దున్న ఆవిడే ఫోనులో నన్ను తరిమారు. మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. ఇంటికి బయల్దేరారనుకుని, "అప్పుడేనా? నేనింకా అన్నం కూడా వండలేదండీ" అన్నాను. అటునుంచి ఎంతసేపటికీ మాట రాలేదు. అప్పుడు అర్థమైంది.

పెద్దకార్యానికి వచ్చినవాళ్ళంతా ఆవిడ పెట్టే కొరమేను పులుసు గురించీ, గుమ్మంలోకి ఎవరొచ్చినా కాఫీ ఇవ్వందే పంపని గుణం గురించీ చెప్పుకున్నారు. అన్నీ నిజాలే. అయితే నాకు తెలిసిన అత్తగారు ఇంకొకరున్నారు. ఆవిడ నాతో కలిసి కొన్నేళ్ళపాటు ఒక వీడియో గేమ్ ఆడారు. ఈ సంగతి మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే బంధువులు నవ్వుతారని ఆవిడ దాచలేదు. "చెబితే వాళ్ళూ ఆడతామంటారే. ఉన్నది ఒక్క ఆట పెట్టె" అని దాచారు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది ఏలూరు. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, డిసెంబరు వస్తే ఇంటి మీద కాగితం నక్షత్రం, అలా పెరిగినదాన్ని. మా ఆయన వాళ్ళు హిందువులు. కొల్లేట్లో ఒక లంక గ్రామం వాళ్ళది. అక్కడి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక తాడేపల్లిగూడెం వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మావయ్యగారు ఇప్పుడు ముదినేపల్లి వైపు చెరువులు కౌలుకి చేస్తున్నారు. మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. ఆ పెళ్ళికి అటువాళ్ళూ రాలేదు, ఇటువాళ్ళూ రాలేదు. స్నేహితులు సంతకాలు పెట్టి, హోటల్లో బిర్యానీ తిని, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కొన్నాళ్ళకి అత్తగారే పట్టుబట్టి మమ్మల్ని ఇంటికి రప్పించుకున్నారు. మా నాన్న కూడా ఆ సమయానికి మెత్తబడి మాతో మాట్లాడుతున్నారు. మావయ్యగారు మాత్రం ఔననలేదు, కాదనలేదు. నేను ఎదురుపడితే పేపరు కాస్త పైకెత్తేవారు. మా అమ్మానాన్నల ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. పిల్లకి తల్లిదండ్రులే లేనట్టు నడిచిపోయేది రోజు. అది నాకు లోపల ఎంత గుచ్చుకునేదో అత్తగారికి తెలుసని నేను చాలాకాలం అనుకోలేదు.

నేను కాపురానికి తెచ్చుకున్న సామానులో ఆ ఆట పెట్టె ఉంది. డిగ్రీ చదువుతూ ట్యూషన్లు చెప్పి, ఎవరో వాడినది కొనుక్కున్నాను. తమలపాకుల పెట్టెంత ఉంటుంది, మడత పెట్టుకోవచ్చు. తెరిస్తే పైన ఒక తెర, కింద ఒక తెర. పై తెరలో మనం నడిచే చిక్కుదారి కనిపిస్తుంది. కింది తెర మీద ఒక ప్లాస్టిక్ పుల్లతో ఆ దారి పటం మనమే గీసుకోవాలి. గోడ ఎక్కడుందో, గుమ్మం ఎక్కడుందో గీసుకోకపోతే లోపలే తిరుగుతూ ఉండిపోతాం. నాకు ప్రాణమైన ఆట ఒకటి అందులో ఉండేది. వేరు వేరు ఆటల్లో ఉండే రెండు జట్ల స్కూలు పిల్లలు, ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ ఎరగనివాళ్ళు, ఎలాగో ఒకేచోట చిక్కుకుపోతారు. కలిసి ఒక్కొక్క మేడే దాటుతూ, దారిలో ఎదురైన రాక్షసులతో పోరాడుతూ బయటపడాలి. ఇలా రెండు కథలవాళ్ళని ఒక కథలోకి తెస్తే ఆటలు ఆడేవాళ్ళు క్రాసోవర్ అంటారు. మా అత్తగారు దానికి వేరే పేరు పెట్టారు.

ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న రోజులవి. టీవీలో సీరియల్ పెడితే కాసేపు చూసి కట్టేయమన్నారు. "అందులో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరే. అందరూ హాల్లోనే నిలబడి ఉంటారు. నేనూ మంచం మీదే ఉన్నాను. మళ్ళీ వాళ్ళని చూడ్డం దేనికి?" అన్నారు. టీవీ కట్టేసి, ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని నేను పెట్టె తెరిచాను. కాసేపటికి ఆవిడ మెడ చాపి చూశారు.

"ఏంటమ్మాయ్ అది?"

"ఆటండీ అత్తయ్యగారూ."

"ఆ పిల్లలెవరు?"

"వీళ్ళు ఒక కథలోవాళ్ళండీ. అదిగో వాళ్ళు ఇంకో కథలోవాళ్ళు. ఇదివరకు ముఖపరిచయం కూడా లేదు. ఇప్పుడు కలిసి ఉండాల్సి వచ్చిందండీ."

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, పెట్టె తన వైపు తిప్పుకుని, ఆ బొమ్మల మొహాలు ఒక్కొక్కటే పరీక్షగా చూశారు.

"వియ్యాలవారన్నమాట" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "మగపెళ్ళివారెవరు?" అని అడిగారు. ఆటలో మొదట కనిపించే జట్టు మగపెళ్ళివారనీ, తరవాత వచ్చి కలిసే జట్టు ఆడపెళ్ళివారనీ అప్పటికప్పుడు ఖాయం చేసేశారు. ఇక ఆ పిల్లలకి మన మర్యాదలన్నీ వచ్చిపడ్డాయి. మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. నా తెలుగు ఆవిడకి నచ్చేది కాదు. "వియ్యాలవారి పిల్లని పట్టుకుని నువ్వు అంటాడేంటి? మీరు అనాలి" అని దిద్దేవారు. దాంతో కత్తి పట్టుకున్న కుర్రాడు రాక్షసుడి ఎదుట నిలబడి, "ఏవండీ, మీరు కాస్త పక్కకి జరగండి, వీడి సంగతి నేను చూస్తానండీ" అనేవాడు. ఆ ఆట చేసినవాళ్ళు వింటే ఏమనుకుంటారో గాని, నాకు మాత్రం అసలు దానికన్నా ఇదే బాగుండేది.

పటం గీయడంలో ఆవిడ ఘనురాలేమీ కాదు. గోడలు వంకర పోయేవి. ఏ గదికైనా దొడ్డిగుమ్మం ఉండి తీరాలని ఆవిడ గట్టి నమ్మకం. లేనిచోట కూడా గీసేసేవారు. "దొడ్డిగుమ్మం లేకుండా ఇల్లెవడు కడతాడే? సరిగ్గా వెతుకు" అని నన్ను గోడలకేసి గుద్దించేవారు. ఒకటి రెండుచోట్ల నిజంగానే చాటు దారి దొరికింది. అప్పుడు ఆ మొహం చూడాలి. కట్టినవాడికి బుద్ధుందని మెచ్చుకున్నారు. చిన్నప్పుడు కొల్లేట్లో తాటిదోనె మీద కిక్కిస గడ్డిలోంచి బడికి వెళ్ళేవారట. "దారి లేకపోతే గడ్డిని పక్కకి తోసుకుని చేసుకునేవాళ్ళం. ఈ గోడలు జరగవేం?" అని విసుక్కునేవారు.

ప్రతి మేడలోనూ కొన్ని పెద్ద రాక్షసులు పటం మీదే కనబడుతూ తిరుగుతుంటాయి. మనం ఒక అడుగు వేస్తే అవీ ఒక అడుగు వేస్తాయి. మనం ఆగితే అవీ ఆగుతాయి. బలం చాలనప్పుడు వాటి కంటబడకుండా తప్పుకుపోవాలి.

"మనం కదిల్తేనే కదుల్తుందా?" అని అడిగారు అత్తగారు.

"అవునండీ."

"అచ్చం మీ మావయ్యగారే."

వరండాలో మావయ్యగారు పేపరు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య పెద్ద రాక్షసులన్నిటికీ అదే పేరు. "అమ్మాయ్, ఎడంపక్కనించి మావయ్యగారు వస్తున్నారు, ఆ మూలకి నక్కు" అనేవారు. "ఇప్పుడే ఎదురెళ్ళద్దు. ఇంకా బలం రావాలి" అనేవారు. ఒకసారి ఈ మాటలు విని నిజం మావయ్యగారే గుమ్మంలోకి వచ్చి, "నన్ను పిలిచారా?" అని అడిగారు. "లేదండీ, మీరు పేపరు చూసుకోండి" అన్నారు ఆవిడ, కళ్ళు ఎత్తకుండా.

ఇక వరసల సంగతి. ఇది చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను. పోరాటానికి రెండు వైపుల నుంచీ కలిపి ఐదుగురిని ఎంచుకుని, ముందు ఒక వరస, వెనక ఒక వరస నిలబెట్టాలి. నేను ఈ మాట చెప్పగానే, "బంతులన్నమాట" అన్నారు ఆవిడ. పెళ్ళిభోజనాల్లో మొదటి బంతి, రెండో బంతి ఉంటాయి కదా. మొదటి బంతి అతిథులది. ఇంటివాళ్ళు వడ్డించి, అందరూ లేచాక రెండో బంతిలో కూర్చుంటారు. కాబట్టి ఆడపెళ్ళివారి జట్టుని ఆవిడ ముందు నిలబెట్టారు. అందులో గాయాలు మాన్పే పిల్ల ఒకతె ఉంది, సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. ఆ పిల్లని సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. కండలు తిరిగిన మగపెళ్ళివారి కుర్రాళ్ళు వెనక.

ఆట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదటి దెబ్బకే ఆ పిల్ల పడిపోయేది. ఆ తరవాత మిగతావాళ్ళు. నేను మార్చబోతే ఒప్పుకునేవారు కారు. "ఆడపెళ్ళివారిని రెండో బంతిలో కూర్చోబెడతావా? వాళ్ళ ఊళ్ళో మన గురించి ఏమనుకుంటారు?" అనేవారు. వారాల తరబడి ఓడిపోతూనే ఉన్నాం. చివరికి ఒకరోజు ఆవిడకే అనుమానం వచ్చింది.

"ఎప్పుడు చూసినా ఈ పిల్లే ముందు పడిపోతోందేంటే?"

"ముందు వరసలోవాళ్ళకే దెబ్బలెక్కువ తగుల్తాయండీ. వెనక ఉన్నవాళ్ళకి తక్కువ."

ఆవిడ పుల్ల కింద పెట్టేశారు. "మర్యాద మర్యాద అనుకుంటూ, పరాయింటి పిల్లని తెచ్చి దెబ్బలకి ఎదురుగా నిలబెట్టానన్నమాట" అన్నారు. ఆటే కదండీ అన్నాను నేను. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. "మనవాళ్ళని ముందుకి తియ్యి. ఆ పిల్లని వెనక పెట్టు. ఇంటివాళ్ళుండి ఏం చేస్తున్నారు?" అన్నారు. ఆ రోజు గెలిచాం. గెలిచిన సంతోషం ఆవిడ మొహంలో పెద్దగా కనిపించలేదు.

కొన్నాళ్ళకి అత్తిలిలో దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళాం. అత్తగారు అప్పటికి కర్ర సాయంతో నడుస్తున్నారు. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నన్ను పైనించి కిందదాకా చూసి, "ఆ ఏలూరు పిల్ల ఈవిడేనా అండీ? పాపం, వేరేగా పెట్టించాల్సింది" అని పక్కావిడతో అంది, నాకు బాగా వినబడేలా. మావైపు మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. తగలాల్సిన చోట తగులుతుంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. లేచి వెళ్ళిపోదామా అనుకుంటుండగా, దూరంగా కూర్చున్న అత్తగారు లేచి, కర్ర పొడుచుకుంటూ వచ్చారు. కుర్చీ ఒకటి లాక్కుని నాకూ ఆ పెద్దావిడకీ మధ్య వేసుకున్నారు.

"మా కోడలండీ వదినగారూ. ఇంట్లో నేనూ తనూ పక్కపక్కనే కూర్చుని తింటామండీ. వేరేగా పెట్టిస్తే ఇద్దరికీ కలిపి పెట్టించండి. నాకసలే మోకాలు నొప్పి, అటూ ఇటూ తిరగలేను" అన్నారు, అంతకన్నా మెత్తగా. ఆ పెద్దావిడ విస్తట్లోకి తల వంచుకుంది. అత్తగారు వీపు నా వైపు పెట్టి, మొహం వాళ్ళవైపు పెట్టి కూర్చున్నారు. కాస్త మెడ తిప్పి, నాకొక్కదానికే వినబడేలా, "నువ్వు వెనక వరస" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను పచ్చిమిరపకాయ కొరికాననుకుని ఎవరో మంచినీళ్ళ గ్లాసు అందించారు.

మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర ఆవిడ కప్పు కింద పెట్టి, "ఏవండీ, వచ్చే ఆదివారం అన్నయ్యగారినీ వదినగారినీ భోజనానికి పిలిచాను" అన్నారు.

"ఏ అన్నయ్యగారు?" పేపరు వెనకనుంచి మావయ్యగారు.

"ఏలూరు అన్నయ్యగారు. మీ వియ్యంకుడు."

ఆ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదలు. మా నాన్నకి అప్పటికే ఫోన్ చేసేశారని తరవాత తెలిసింది.

"ఆదివారం చేపలు పట్టించాలి. చెరువు మీద ఉంటాను."

"ఉండి రండి. మీరొచ్చాకే వడ్డిస్తాను."

"సాయంత్రం అవుతుందేమో."

"సాయంత్రమే తింటాం."

ఆదివారం అమ్మానాన్నా చర్చి నుంచి అటే స్టేషనుకి వెళ్ళి, ప్యాసింజరెక్కి వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నారు. పన్నెండు దాటింది, రెండు దాటింది. వంటింట్లో పులుసు చల్లారిపోతోంది. నాన్నకి షుగరు. అత్తగారు అరటిపండు ఒలిచి తెచ్చి, "అన్నయ్యగారూ, ఇది భోజనం కాదండీ, మందు. మొహమాటపడకండి" అని చేతిలో పెట్టారు. నేను ఆవిడని వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఆయన రాకపోతే ఏం చేద్దామండీ?" అన్నాను, దాదాపు ఏడుస్తూ. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "మనం కదిలాం కదే. ఆయనా కదులుతారు" అన్నారు. ధైర్యం అంటే ఏమిటో నేను ఆ వంటింట్లో చూశాను. ఆవిడ చల్లారిన పులుసు మళ్ళీ పొయ్యి మీద పెట్టారు.

మూడు దాటాక మావయ్యగారు బురదకాళ్ళతో వచ్చారు. వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉండటం చూసి, "ఇంకా తినలేదా?" అన్నారు. కాళ్ళు కడుక్కుని వచ్చి, "కూర్చోండి మాష్టారూ" అన్నారు. భోజనం సగమయ్యేదాకా ఇంకో మాట లేదు.

"చేప చాలా బాగుందండీ. మీ చెరువుదేనా?" అని మా నాన్నే అడిగారు.

"అబ్బే, కొల్లేటిదండీ. చెరువు చేప మనం తింటామేంటండీ, అమ్ముతాం."

నాన్నకి నవ్వు ఆగలేదు. మావయ్యగారికి కూడా కొంచెం వచ్చింది. అత్తగారు వడ్డిస్తూ నావైపు చూడకుండా అటు తిరిగిపోయారు. చూస్తే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

ఆ తరవాత రాకపోకలు సాగాయి. సాగాయంటే ఆవిడ సాగించారు. మామిడిపళ్ళ కాలంలో బుట్ట పంపేవారు, క్రిస్మస్‌కి కేకు తెమ్మని ఫోన్ చేసేవారు. తను వెళ్ళి ఏలూరులో మా అమ్మ దగ్గర ఒక పూట ఉండి వచ్చేవారు. మావయ్యగారు మాత్రం మా నాన్న ఇంటి గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ఎదురుపడితే మర్యాదకి లోటు లేదు. కానీ ఎప్పుడూ "మాష్టారూ" అనే పిలిచేవారు. వియ్యంకులు బావగారూ అని పిలుచుకోవడం మనలో మామూలు. ఆ మాట ఆయన నోట రాలేదు. అత్తగారు తొందరపెట్టలేదు.

ఈలోగా ఆటలో మేము ఆఖరి గుమ్మం దగ్గరికి చేరాం. లోపల ఉన్నది గెలిస్తే ఆట అయిపోతుంది. "ఆఖర్న ఏమవుతుందే?" అని అడిగారు ఆవిడ. నేను కాలేజీ రోజుల్లోనే ఒకసారి ఆడి ముగించాను కాబట్టి నాకు తెలుసు.

"ఎవరి లోకానికి వాళ్ళు వెళ్ళిపోతారండీ. ఇక్కడ జరిగిందేదీ గుర్తుండదు."

"ఒకళ్ళకొకళ్ళు కూడా గుర్తుండరా?"

"ఉండరండీ."

"ఇన్ని మేడలు కలిసి ఎక్కి?"

"ఆట అంతేనండీ."

"అయితే ఆ గుమ్మం తియ్యకు" అని పెట్టె మడిచేశారు.

అయినా ఆడటం మానలేదు. ఎప్పుడు తెరిచినా కింది మేడలకి దిగి, తిరిగిన దారుల్లోనే మళ్ళీ తిరిగేవాళ్ళం. ఒకప్పుడు మేము తప్పించుకు తిరిగిన పెద్ద రాక్షసులు ఇప్పుడు ఒక్క దెబ్బకి కూలిపోయేవి. ఆవిడకి చాలేది కాదు. ఇంకా బలం రావాలనేవారు. "ఇంకెందుకండీ, ఇప్పటికే ఎక్కువైంది" అన్నాను ఒకసారి. "ఆ గుమ్మం దాటాక కూడా గుర్తుండేంత బలం రావాలే" అన్నారు. ఆట అలా ఉండదని నేను చెప్పలేదు. ఆవిడ మాట్లాడుతున్నది ఆట గురించి కాదని అప్పటికి నాకు తెలుసు.

గుండె నీరసించిందని చెప్పి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, కాస్త తెరిపిన పడిన ఒక మధ్యాహ్నం ఆవిడే ఆ మాట బయటపెట్టారు. "నేనున్నన్నాళ్ళే ఈ రాకపోకలు. మీ మావయ్యగారి మనసులో ఏమీ లేదే, నోరే కదలదు. మీ నాన్నగారా, పిలవందే రారు. నేను పోయాక ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండిపోతారు. నాలుగేళ్ళు పోతే, మాకూ వియ్యాలవారుండేవారు అనుకుంటారు" అన్నారు. అలా ఏం జరగదండీ అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని, "పిల్లలెక్కడున్నారు?" అని అడిగారు.

"గుమ్మం బయటే ఉన్నారండీ."

"ఉండనీ" అన్నారు.

ఆట గురించి మేము మాట్లాడుకున్న ఆఖరి మాట అదే. పెట్టె నా బీరువాలో ఉంది. చార్జింగు పెడుతున్నాను, తెరవడం లేదు.

నేను పెద్దగా చదువుకున్నాననీ, లోకం చూశాననీ అనుకునేదాన్ని. ఒక ఇంట్లోకి బయటనుంచి వచ్చిన మనిషిని ఎక్కడ నిలబెట్టాలో, వాళ్ళ ముందు ఎవరు నిలబడాలో నాకు చూపించింది ఆవిడే. ఆవిడ తప్పు చేసి, ఓడిపోయి, తెలుసుకుని, వరస మార్చారు. అలా మార్చుకోగలిగిన పెద్దవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. మా అమ్మ నన్ను కన్నది. ఈవిడ నన్ను తన వెనక నిలబెట్టుకున్నారు. ఆ రుణం మాటలతో తీరేది కాదు.

కర్మలు జరిగిన అన్ని రోజులూ మావయ్యగారు ఎవరితోనూ మాట్లాడలేదు. మా నాన్న రోజూ వచ్చి గేటు పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఇంటి పెద్దగా లోపలికి రమ్మనే మనిషి లేదు. ఆ పిలుపులన్నీ ఆవిడవి. నాన్న తనలో తను ప్రార్థన చేసుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. పెద్దకార్యం నాడు అమ్మానాన్నా రాత్రికి ఉండిపోయారు. మర్నాడు సంచి సర్దుకుంటూ అమ్మ, "ఇక మేము తరచూ రావడం బాగుండదేమోనమ్మా. ఆవిడుంటే వేరు" అంది. అత్తగారు భయపడినదంతా నా కళ్ళ ముందే జరగబోతోందని అనిపించింది. రెండు జట్లూ గుమ్మం దాటి, చెరో వైపూ నడిచిపోబోతున్నాయి.

మధ్యాహ్నం వాళ్ళని స్టేషనులో దింపడానికి నేను బయల్దేరుతుంటే, మావయ్యగారు వరండాలోంచి లేచి ఆటో ఎక్కారు. స్టేషనులో ఒకే బెంచీ మీద, మధ్యలో చోటు వదిలి, ఆయనొక చివర, నాన్నొక చివర కూర్చున్నారు. బండి వచ్చింది. కిటకిటలాడుతోంది. మావయ్యగారు అమ్మ చేతిలో సంచి తీసుకుని అందరికన్నా ముందు ఎక్కేశారు. కిటికీలోంచి ఆయన గొంతు నాకు వినిపించింది.

"ఏవండీ, కాస్త జరగండి బాబూ. మా బావగారు కూర్చోవాలండీ. మా బావగారు, మా చెల్లెమ్మ. ఇద్దరూ పెద్దవాళ్ళు. కొంచెం సర్దుకోండి."

నాన్న కూర్చోబోతూ అలా ఆగిపోయి ఆయన మొహంలోకి చూశారు. అమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది. ఇంతలో బండి కదిలింది. నేను కిటికీ పక్కన పరిగెడుతూ, "మావయ్యగారూ, దిగండి, బండి కదిలిపోయింది" అన్నాను.

ఆయన దిగలేదు. కిటికీ ఊచ పట్టుకుని వంగి, "నువ్వింటికెళ్ళమ్మా. నేను బావగారింట్లో కాఫీ తాగి వస్తాను" అన్నారు.

నేను ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి నిలబడ్డాను. ఆ బండి ఏలూరు వైపు సాగిపోతుంటే, ఆ కిటికీ కనిపించినంతసేపూ, మా నాన్న బల్ల మీద పక్కకి జరుగుతూ, ఇంకా జరుగుతూ, ఆయనకి చోటు చేస్తూనే ఉన్నారు.